కంగారూ బ్యాగు: కొనేముందు కట్టి చూడండి

మోతీనగర్‌లో చంటిబిడ్డతో ఇల్లు కదిలితే నడక తప్పదు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగేలోపు మెట్లు, క్యూలు, తోపులాట అన్నీ దాటాలి. పేవ్‌మెంట్ల మీద బైకులు, తోపుడు బళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి చక్రాల స్ట్రోలరు నాలుగడుగులు కూడా సాఫీగా సాగదు. ఇక మిగిలింది చంక, లేదంటే తల్లులు కంగారూ బ్యాగు అని పిలుచుకునే బేబీ క్యారియర్. మోతీనగర్, యూసుఫ్‌గూడ, బోరబండ, ఎర్రగడ్డ, కృష్ణానగర్ తల్లిదండ్రులు దాని గురించే అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మా బాబుకు నాలుగో నెల. షాపులో వెయ్యి రూపాయల క్యారియర్ నుంచి పది వేలు దాటిన వాటిదాకా చూపించారు. మా బడ్జెట్ రెండు వేలు. ఆ డబ్బుకు మంచిది దొరుకుతుందా? (మోతీనగర్)

జవాబు: దొరుకుతుంది. ధర పెరిగేకొద్దీ వచ్చేవి మెత్తటి ప్యాడింగు, ఎక్కువ నెలలు వాడుకునేలా సర్దుబాట్లు, కంపెనీ పేరు. బిడ్డకు అసలు కావాల్సినవి మూడే: ఊపిరికి అడ్డులేకపోవడం, తుంటి కీళ్లకు ఆసరా, ఊడిపోని బకిళ్లు. ఇవి చవక రకాల్లోనూ కొన్నింటిలో ఉంటాయి. ఉన్నాయో లేదో పెట్టె మీద బొమ్మ చెప్పదు, కట్టి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే షాపుకు బిడ్డను వెంట తీసుకెళ్లాలి. ముందు నడుము బెల్టు పెట్టుకోవాలి. అది తుంటి ఎముకల మీద కుదురుగా కూర్చోవాలి. పొట్ట మీదికి జరిగితే బరువంతా భుజాలకెక్కుతుంది. తర్వాత బిడ్డను గుండెకు ఆనించుకుని, గుడ్డ పైకి లాగి, భుజం పట్టీలు బిగించాలి. వీపు వెనక రెండు పట్టీలనూ కలిపే చిన్న క్లిప్పు ఒకటుంటుంది. చాలామందికి చేయి అందనిది అక్కడే. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టుకోలేని క్యారియర్ వారం తిరక్కుండా అటకెక్కుతుంది. క్లిప్పు పడ్డాక ఒక చేయి బిడ్డ వీపున ఉంచి కాస్త ముందుకు వంగి చూడాలి. బిడ్డ ఒంటికి దూరంగా వేలాడితే పట్టీలు వదులుగా ఉన్నాయన్నమాట. ఆపైన పది నిమిషాలు షాపులోనే అటూ ఇటూ తిరగాలి. మెడ దగ్గర లాగుతుంటే, అది ఎంత చవగ్గా వచ్చినా ఆ తల్లికి పనికొచ్చేది కాదు. నాన్న కూడా ఎత్తుకునేటట్టయితే ఆయన నడుముకూ బెల్టు సరిపోవాలి.

కొనేముందు లేబుల్ మీద కనీస బరువు చదవాలి. చాలా రకాలకు అది మూడు, మూడున్నర కిలోల దగ్గర మొదలవుతుంది. మన ఎండలకు వెనక ఫోమ్ దట్టంగా ఉన్నదానికంటే నూలుదో, గాలి ఆడే మెష్‌దో మేలు. బిడ్డకు ఉడుకుతోందా లేదా అన్నది చేతులు, కాళ్లు పట్టుకుని కాదు, మెడ వెనక తాకి చూడాలి. అక్కడ చెమట పట్టి ఉంటే వెంటనే దించాలి.

ప్రశ్న: క్యారియర్‌లో పాప కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. దొడ్డికాళ్లు వస్తాయని మా అమ్మ భయపడుతోంది. నిజమేనా? (యూసుఫ్‌గూడ)

జవాబు: దొడ్డికాళ్లు రావు. అమ్మ భయం పూర్తిగా కొట్టిపారేయదగింది మాత్రం కాదు. చూసుకోవాల్సింది తుంటి కీలు. మొదటి ఆరు నెలల్లో ఆ కీలు ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. కాళ్లు ఎప్పుడూ నిటారుగా, దగ్గరగా వేలాడుతూ ఉంటే తొడ ఎముక తల గిన్నెలో సరిగా కుదురుకోదు. గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనకదాకా వెడల్పుగా ఉండాలి. మోకాళ్లు పిరుదులకంటే కాస్త పైకి రావాలి, కాళ్లు కప్ప కాళ్లలా విచ్చుకోవాలి. అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా సంస్థ సిఫారసు చేసేది ఈ భంగిమనే. మన ఇళ్లలో చంకనెత్తుకున్న బిడ్డ కాళ్లు సహజంగా ఇలాగే ఉంటాయి. అడుగుభాగం సన్నగా ఉన్న క్యారియర్ ఇప్పటికే కొనేసి ఉంటే కాసేపు వాడినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. రోజూ గంటలకొద్దీ వాడే ఆలోచన ఉంటే మార్చుకోవడం మంచిది. కుటుంబంలో తుంటి సమస్య ఉన్నవాళ్లు, ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డల తల్లులు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించాలి.

ప్రశ్న: మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఇప్పుడు రెండు కిలోల పైచిలుకు ఉంది. ఆస్పత్రిలో కంగారూ కేర్ చేయమన్నారు. దానికి కంగారూ బ్యాగు కొనాలా? (బోరబండ)

జవాబు: వద్దు. పేరు ఒకేలా ఉన్నా అది వేరు, ఇది వేరు. కంగారూ మదర్ కేర్ 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. ఇంక్యుబేటర్లు చాలని ఆస్పత్రిలో డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా తక్కువ బరువు పిల్లల్ని తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచడం మొదలుపెట్టారు. భారత్‌తో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. బిడ్డ పరిస్థితి కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే కంగారూ కేర్ మొదలుపెడితే తొలి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయని అందులో తేలింది. రోజుకు కనీసం 8 గంటలు, వీలైతే 24 గంటలూ అలా ఉంచమని ఆ సంస్థ 2022లో సిఫారసు చేసింది.

దీనికి కావాల్సింది టోపీ, డైపర్ మాత్రమే వేసిన బిడ్డ, ముందు తెరుచుకునే జాకెట్టు, ఇద్దరినీ కలిపి పట్టి ఉంచే మెత్తటి నూలు గుడ్డ. ఎలా కట్టుకోవాలో ఆస్పత్రి నర్సు చేత చేయించుకుని నేర్చుకోవాలి. తండ్రి కూడా చేయొచ్చు.

బకిళ్ల క్యారియర్లు, ముఖ్యంగా సంచీలా బిడ్డను ముడుచుకుపోనిచ్చే స్లింగులు ఇంత చిన్న పిల్లలకు ప్రమాదం. 2010 మార్చిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ స్లింగుల మీద హెచ్చరిక జారీ చేసింది. అంతకుముందు 20 ఏళ్లలో వాటితో ముడిపడిన మరణాలు కనీసం 14 అని, ఆ పిల్లల్లో 12 మంది నాలుగు నెలలలోపు వాళ్లేనని చెప్పింది. ఆ నెలలోనే ఒక కంపెనీ పది లక్షలకు పైగా స్లింగులను వెనక్కి తీసుకుంది. బిడ్డ వీపు వంగి గడ్డం రొమ్ముకు ఆనితే ఊపిరి గొట్టం మూసుకుపోతుంది. మెడ నిలవని బిడ్డ తల ఎత్తుకోలేదు, ఏడవనూ లేదు. ఏ వయసు బిడ్డకైనా, ఏ క్యారియర్‌లోనైనా గడ్డం కింద రెండు వేళ్లు పట్టే సందు ఉండాలి. ముఖం మీద గుడ్డ పడకూడదు. తల్లి తల కాస్త వంచితే నుదుటి మీద ముద్దు పెట్టగలిగే ఎత్తులో బిడ్డ ఉండాలి.

ప్రశ్న: మావారు ఫిలింనగర్‌లో ఎడిటింగ్ స్టూడియోలో చేస్తారు. ఆదివారాలు బైకు మీద వెళ్తాం. ఏడు నెలల బాబును క్యారియర్‌లో కట్టుకుని వెనక కూర్చుంటే చేతులతో పట్టుకోవడం కంటే భద్రమే కదా? (మోతీనగర్)

జవాబు: కాదు. ఈ శీర్షికలో గట్టిగా చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే ఇదే. క్యారియర్ నడిచే మనిషి కోసం కుట్టింది. బండి పడితే తల్లి బరువంతా బిడ్డ మీద పడుతుంది, కట్టేసి ఉండటం వల్ల బిడ్డ తప్పించుకునే వీలు కూడా ఉండదు. ముందు సీటులో నాన్న రొమ్ముకు కట్టుకోవడం ఇంకా ప్రమాదం, హ్యాండిల్‌కూ ఆయనకూ మధ్య ఉండేది బిడ్డే.

నాలుగేళ్లలోపు పిల్లల్ని ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లడానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 ఫిబ్రవరి 15న నిబంధన తెచ్చింది. ఏడాది గడువు తర్వాత అమల్లోకి రావాలన్నది అందులోని మాట. దాని ప్రకారం వాడాల్సింది 30 కిలోల బరువు ఆపగల సేఫ్టీ హార్నెస్. బిడ్డ తొడుక్కునే ఆ జాకెట్టు పట్టీలు బండి నడిపే మనిషి భుజాలకు తగులుకోవాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఏడు నెలల బాబు తలకు హెల్మెట్టూ పట్టదు, దాని బరువు ఆ మెడ మోయనూ లేదు. అంటే ఆ వయసు బిడ్డకు బైకు ప్రయాణమే సరికాదు. మోతీనగర్ నుంచి ఫిలింనగర్‌కు ఆటో ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది. అయినా ఇంకో ఏడాది రెండేళ్లు ఆదివారాలకు ఆ ఖర్చు పెట్టుకోండి. కారులోనూ అంతే, క్యారియర్ కారు సీటు బదులు కాదు.

ప్రశ్న: సిజేరియన్ అయి నెల దాటింది. క్యారియర్ ఎప్పటి నుంచి? (ఎర్రగడ్డ)

జవాబు: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశంలో ఇదే అత్యధికం. కాబట్టి ఇది చాలామంది బాలింతల ప్రశ్న. ఆరు వారాల చెకప్‌లో డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టాలి. బెల్టు కుట్ల మీద కాకుండా పైన కట్టుకోవాలి. మొదట్లో పావుగంట చాలు.

ప్రశ్న: "అస్తమానం ఒంటికి కట్టుకుంటే అలవాటు పడి కింద ఉండడు" అని మా అత్తమ్మ అంటోంది. ఆమె మాట వినాలా? (బోరబండ)

జవాబు: అత్తమ్మ అనుభవంలో నిజముంది: ఎత్తుకుంటే పిల్లలు ఏడుపు ఆపుతారు. కెనడాలోని మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే ఇద్దరు పరిశోధకులు 99 తల్లీబిడ్డల జంటల మీద చేసిన అధ్యయనం 1986లో వచ్చింది. రోజులో అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో మిగతావాళ్ల కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. సాయంత్రం వేళ తేడా ఇంకా ఎక్కువ. అయితే కడుపునొప్పితో గుక్కపట్టి ఏడ్చే పిల్లల విషయంలో తర్వాతి అధ్యయనంలో ఆ ఫలితం కనిపించలేదు. తొలి నెలల్లో బిడ్డను ఎత్తుకోవడం గారాబం కిందికి రాదు. బిడ్డ బోర్లా పడే వయసుకు చాప మీద ఆడుకునే సమయం మాత్రం రోజూ దొరకాలి.

ప్రశ్న: క్యారియర్ బదులు పాత చీర కట్టుకోవచ్చా? మా ఊళ్లో అలాగే చేసేవాళ్లు. పదో నెల పాపతో షూటింగుల్లో కాస్ట్యూమ్ పనికి వెళ్తుంటాను, నడుము పోతోంది. (కృష్ణానగర్)

జవాబు: గుడ్డతో కట్టుకోవడమే అసలు పద్ధతి. అరకు, పాడేరు వైపు సంతలకు వచ్చే గిరిజన తల్లులు ఇప్పటికీ అలాగే వస్తారు. అమెరికాకు చెందిన ఆన్ మూర్ అనే నర్సు 1960ల్లో పశ్చిమాఫ్రికాలోని టోగోలో పనిచేస్తూ అక్కడి తల్లులు బిడ్డను వీపుకు కట్టుకోవడం చూసింది. ఇంటికెళ్లాక తన కూతురి కోసం అలాంటిదే తయారుచేయించుకుంది. స్నగ్లీ పేరుతో దానికి 1969లో పేటెంటు వచ్చింది. ఈనాటి షాపు క్యారియర్లకు తొలి రూపాల్లో అదొకటి.

అయితే ఉతికి ఉతికి పలచబడిన చీర ఉయ్యాలకే అనుమానం, ఒంటికి కట్టుకోవడానికి అసలు పనికిరాదు. జారే సింథటిక్ కూడా వద్దు. గట్టి నేత నూలు గుడ్డ సుమారు రెండు మీటర్లు, స్లింగుల కోసమే చేసిన అతుకులేని అల్యూమినియం రింగులు రెండు ఉంటే రింగ్ స్లింగ్ కుట్టించుకోవచ్చు. కర్టెన్ రింగులు వాడకూడదు. చేనేత గుడ్డతో ఇవి కుట్టి అమ్మే దేశీ సంస్థలూ ఉన్నాయి. కానీ రింగ్ స్లింగ్ బరువు ఒకే భుజం మీద పడుతుంది కాబట్టి పది నెలల పాపను గంటల తరబడి మోయడానికి అది సరిపోదు. మీకు కావాల్సింది నడుము బెల్టు వెడల్పుగా ఉండి, వీపు మీద మోసుకోగల బకిళ్ల రకం. పాప ఆసరా లేకుండా కూర్చుంటుంటే వీపు మీదికి మార్చుకోవచ్చు. మొదటి కొన్నిసార్లు మంచం పక్కన, ఇంకొకరి సాయంతో సాధన చేయాలి. ఇస్త్రీ, పొయ్యి, వేడి లైట్ల దగ్గర మాత్రం పాప ఒంటి మీద ఉండకూడదు.

ప్రశ్న: ఎర్రగడ్డ ఆదివారం సంతలో వాడిన క్యారియర్ మూడొందలకే ఇస్తానన్నారు. కొనొచ్చా? (మోతీనగర్)

జవాబు: చూసి కొనొచ్చు. ప్రతి బకిలూ పెట్టి తీసి, టక్కుమని శబ్దం వస్తుందో లేదో వినాలి. పెట్టాక రెండు చేతులతో గట్టిగా లాగాలి. పట్టీలు గుడ్డకు కలిసే చోట కుట్లు విడిపోతున్నాయేమో, ఎండకు రంగు వెలిసి నేత పెళుసెక్కిందేమో చూడాలి. బరువు పరిమితి చెప్పే లేబుల్ లేకపోతే, కంపెనీ ఏదో తెలియకపోతే వదిలేయాలి. ఇంట్లో ఉన్నదానికే బకిలు పగిలితే దారంతో కట్టి పనిమనిషి బిడ్డకో, చుట్టాలకో ఇవ్వకండి. పట్టీలు కత్తిరించి, ఎవరూ మళ్లీ వాడే వీల్లేకుండా చేసి పారేయండి.