పద్యమునకు రాగము నంటుగట్టిన పాపట్ల కాంతయ్యగారు

నూజివీటి సీమలో పుట్టినవారికి అంటు కట్టుట యననేమో వేఱుగ చెప్ప నక్కఱలేదు. టెంకనుండి మొలచిన నాటు మొక్కకు మంచి రసపుచెట్టు కొమ్మను జేర్చి కట్టుదురు. వేరు నాటు మొక్కది, పండు కొమ్మది. రెండును గలిసి యొక చెట్టగును. మన పొరుగుననే యున్న మైలవరమున, 20వ శతాబ్దపు తొలి దశకములలో, సంగీతమునందును ఇట్టి యంటు గట్టిన విద్వాంసు లొకరుండిరి. వారే పాపట్ల కాంతయ్యగారు. వారి పనిని గూర్చి విద్యార్థి సోదరులకు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

తెలుగునాట 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజములవారు వచ్చి ప్రదర్శనము లిచ్చిరి. ఆ కాలముననే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకము లాడించిరి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) తమ నాటకములందు పాటలకును పద్యములకును పెద్దపీట వేసిరి. నాటినుండి ప్రేక్షకులు నాటకమును చూచుటకు మాత్రమే గాక వినుటకును పోజొచ్చిరి.

ఇట్టి తఱిని మైలవరము జమీందారు సూరానేని వెంకట పాపయ్యరావుగారు బాలభారతీ నాటక సమాజమును పోషించిరి. నటులకు జీతము లిచ్చుటచే నాటక మొక వృత్తి యయ్యెను. అచ్చట కాంతయ్యగారు హార్మోనియము వాయించుచు సంగీత భారమును వహించిరి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయముల పద్యములకు వారు కూర్చిన వరుసలే వారి కీర్తికి మూలము. కర్ణాటక సంగీతమున పెరిగిన తెలుగు చెవికి హిందూస్తానీ రాగముల మాధుర్యమును వారు పద్యముద్వారా అలవాటు చేసిరి.

ఇది సులభమైన పని కాదు. పాటకు తాళము కలదు; పద్యమునకు లేదు. ఉత్పలమాలకు పాదమున 20 అక్షరములు, పదవ యక్షరమున యతి. శార్దూలమునకు 19 అక్షరములు, పదుమూడవ యక్షరమున యతి. ఛందస్సు చెప్పినచోట నెల్ల గాయకుడు ఆగినచో అర్థము తెగును. అర్థము ననుసరించి యాగినచో ఛందస్సు చెదరును. ఈ రెంటిని బొసగించి, ఏ మాటను సూటిగ పలుకవలెనో, ఏ మాటపై రాగమును సాగదీయవలెనో, ఎచ్చట హార్మోనియము మాత్రమే మ్రోగవలెనో నిర్ణయించుటయే వరుస కట్టుట. కృష్ణుని రాయబారమునకు తగిన స్వరము భీముని యాగ్రహమునకు తగదు గదా!

హార్మోనియమును గూర్చియు నొక మాట. దీనిని 1842లో పారిసునందు దెబేన్ అను నాతడు తన పేర నమోదు చేయించుకొనెను. క్రైస్తవ మిషనరీలు కీర్తనలకై దీనిని దేశమునకు తెచ్చిరి. 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు చేతితో వాయించు రూపమును సిద్ధపఱచిరి. మైకులేని కాలమున వెనుకబల్ల వఱకు వినబడు శ్రుతి నిచ్చినది ఇదియే. అయితే మెట్లు స్థిరమగుటచే గమకము దీనిపై సరిగ పలుకదని పండితులు నిందించిరి. ఆలిండియా రేడియో 1940లో దీనిని నిషేధించి 1971 తరువాతనే క్రమముగా ఆ కట్టు సడలించెను.

నాటక సంగీతముపై నాక్షేపణ మింకొకటి కలదు. ప్రేక్షకులు "వన్స్ మోర్" అని కేకవేయగా నటుడు చచ్చిన పాత్రను సైతము లేపి పద్యము పాడెడివాడని పెద్దలు నవ్వుదురు. రాగము పద్యమును మ్రింగిన, కథ నిలిచిపోవుట నిజమే. ఆ దోషమును మేము దాచము. కాని అక్షరజ్ఞానము లేని రైతు, పొలమున దున్నుచు భారత పద్యమును తప్పులేక పాడుట యెవరి పుణ్యము? పుస్తకము చేరని యిండ్లకు వరుస చేరెను. పద్యమును మోసినది రాగమే.

1932లో తెలుగు టాకీ వచ్చెను. సమాజములు సన్నగిల్లెను, గాయకులును హార్మోనిస్టులును పలువురు సినిమాకు మరలిరి. వరుసలు మాత్రము గ్రామముల నిలిచెను. నేటికిని తిరునాళ్ళ రాత్రులలో పాండవోద్యోగ విజయములు ఆడుచున్నారు. పద్యము వ్రాసిన కవుల పేరు ప్రతివాడెఱుగును. పాడిన నటుని పేరు గోడకాగితముపై నుండును. వరుస కట్టినవాని పేరు అడుగువారు అరుదు.

పండు తినువాడు అంటు కట్టిన చేతిని తలచుట లేదు, అది లోకరీతి. విద్యార్థులు మాత్రము అట్లు చేయరాదు. మీ గ్రామమున పద్యము పాడు వృద్ధు డున్నచో సెలవులలో ఆయన చెంత గూర్చుండుడు. ఆ వరుస నెవరియొద్ద నేర్చెనో యడిగి వ్రాసికొనుడు. తెలిసినవారిచేత స్వరము గుర్తింపించుడు. ప్రభువు తలాంతును పాతిపెట్టిన దాసుని మెచ్చలేదు. ఒకరి తలాంతును మఱుగున పడనిచ్చుటయు ఆ కోవలోనిదే యని మా తలంపు.