కోళ్ల పెంపకము - మందులకు లొంగని క్రిములు

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రమునందలి నవాపురములోను, దానిని ఆనుకొని అప్పటి సూరతు జిల్లాలోనున్న ఉచ్ఛల్ ప్రాంతములోను కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకెను. మన దేశపు కోళ్లలో ఆ వ్యాధి నిర్ధారణ యగుట అదియే ప్రథమము. లక్షలకొలది కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చెను. అది వైరసు వలన కలుగు జబ్బు. యాంటీబయాటిక్ మందులకు దానిపై శక్తి లేదు. అయినను కోళ్లు తూగుచున్నవనగానే, కారణము విచారింపకయే, త్రాగునీటిలో ఆ మందులను కలుపు అలవాటు పలుచోట్ల కలదు. జబ్బేమియు లేకున్నను, త్వరగా బరువెక్కవలెనని దాణాలో కలుపువారును కలరు.

ఇందలి అపాయము కంటికి కనబడునది కాదు. సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవులు ఆరోగ్యముగా కన్పించు కోడి ప్రేవులలో సైతము నివసించును. మందు కొద్దికొద్దిగా ప్రతిదినము అందుచుండినచో, దానికి లొంగునవి చచ్చి, తట్టుకొనునవి మిగిలి వృద్ధిచెందును. అంతేకాదు, ఆ తట్టుకొను గుణమును ఒక జాతి క్రిమి వేరొక జాతి క్రిమికి అందింపగలదు. ఇతర మందులేవియు పనిచేయని రోగికి వైద్యులు చిట్టచివరకు వాడునది కొలిస్టిన్. దానిని తట్టుకొను గుణము సహితము ఇట్లు క్రిమినుండి క్రిమికి సంక్రమించుచున్నదని 2015లో చైనా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ఆస్పత్రిలో ప్రాణాపాయస్థితిలో నున్న మనుష్యునికై దాచవలసిన మందును కోడిపిల్లల బరువునకు ఖర్చుచేయుట ఎంతటి అవివేకము! 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ, ఆహారమునకై పెంచు జంతువులకును కోళ్లకును ఉద్దేశించిన కొలిస్టిన్ తయారీని, విక్రయమును నిషేధించెను.

రైతునకు మందుకంటె శుభ్రత చౌక. ఫారములోనికి పరులను రానీయరాదు. ద్వారమున క్రిమిసంహారక ద్రవముతో కాళ్లు తడుపుకొను తొట్టి ఉండవలెను. క్రింద పరచిన ఊక తడియకుండ చూడవలెను. ఎలుకలను, అడవిపక్షులను చేరనీయరాదు. టీకాలు సకాలమున వేయింపవలెను. పశువైద్యుని సలహాపై మందు వాడినచో, అతడు చెప్పిన దినములు గడచువరకు ఆ కోడిని గాని గ్రుడ్లను గాని అమ్మరాదు. వంటవేడికి క్రిమి చచ్చునుగాని, మాంసములో మిగిలిన మందు పూర్తిగా నశించునను నమ్మకము లేదు.

సూరతులో లింబాయత్ మున్నగు పేటలలో మరమగ్గములపై పనిచేయు తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఆదివారమున కోడికూర వండుకొను ఆ యిండ్లవారు భయపడి మాంసము మానవలసిన పనిలేదు. మందునకు లొంగని క్రిమియు మంటకు లొంగును. ముక్క లోపలివరకు 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగిలిన చాలును. తుకతుక ఉడుకు కూర వేడి అంతకు మించినదే. ప్రమాదమెల్ల పొయ్యి ఎక్కుటకు ముందే కలదు. పచ్చిమాంసము కోసిన కత్తితోడనే, కడుగకుండ, పచ్చిగా తిను ఉల్లిపాయలను తరిగినచో క్రిమి తిన్నగా కడుపులోనికి పోవును. మాంసమును ఉప్పు, పసుపు వేసి పలుమార్లు కడుగుట మన ఆచారము. దానివలన క్రిములు పోవు సరికదా, కుళాయి ధారనుండి లేచు తుంపరలతో ప్రక్క గిన్నెలకు ప్రాకును. కడుగవలసినవి చేతులు, కత్తి, పీట. వానికి సబ్బు వాడవలెను.

విరేచనములు పట్టుకొన్నచో దుకాణములో తోచిన యాంటీబయాటిక్ బిళ్లలు కొని మ్రింగరాదు. ఓ.ఆర్.ఎస్. ద్రావణమును మాటిమాటికి త్రాగింపవలెను. మలములో రక్తము కనబడినను, తీవ్రజ్వరము వచ్చినను, రోగి పసిబిడ్డగాని వృద్ధుడుగాని గర్భిణిగాని అయినను, ఆలస్యము చేయక వైద్యునికడకు తీసికొనిపోవలెను.