పేరు చూసి కాలం కట్టకు

లేదు తల్లీ, కేటలాగు రాసినవాళ్ళు పొరబడలేదు. పేడపురుగు ఆకారంలో చెక్కిన ఆ ఈజిప్టు తాయెత్తు, ఆ స్కారబ్ అడుగున మూడో థుట్మోస్ పేరు అంత స్పష్టంగా ఉంటే దాన్ని క్రీ.పూ. 7వ శతాబ్దానికి ఎలా దించుతారని కదా నీ కోపం! ఆయన క్రీ.పూ. 15వ శతాబ్దపు రాజు, నిజమే. కానీ మెన్‌ఖెపెర్రె అన్న ఆయన పట్టాభిషేక నామాన్ని ఆయన పోయాక కూడా శతాబ్దాల తరబడి చెక్కుతూనే వచ్చారు. అన్ని యుద్ధాలు గెలిచిన రాజు పేరు ఒంటిమీద ఉంటే కాపాడుతుందని నమ్మకం. కట్టుకున్నవాళ్ళకు అది తాయెత్తు. దాన్ని శాసనంలా చదవడం మన తొందర. అలాగని ప్రతి రాతనూ శంకించకు. మూడో అమెన్‌హోటెప్ తన తొలి పదేళ్ళ సింహాల వేట గురించి పెద్ద స్కారబ్‌ల మీద చెక్కించి పంచాడు. అవి రాజ ప్రకటనలు, వాటి కాలానికి ఆ రాతే సాక్ష్యం.

మరి మామూలు వాటికి ఏది ఆధారం? పురుగును తిప్పి చూడు. తల ఆకారం, రెక్కల మధ్య గీత, కాళ్ళను విడదీసి చెక్కారా, పక్కన గీతతో సరిపెట్టారా, ఇవన్నీ కాలాన్నిబట్టి మారాయి. పురావస్తు పరిశోధకురాలు ఓల్గా టఫ్నెల్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో తల, వీపు, పక్కలను వేరువేరుగా వర్గీకరించింది అందుకే. పాత పేరును చెక్కగలిగినవాడు పాత కాళ్ళనూ చెక్కలేడా అంటావు. చెక్కగలడు. కానీ కొనేవాడు అడిగేది పేరు. కాళ్ళ గురించి అడిగేవాడెవడు? అక్కడ పనివాడి చెయ్యి తన కార్ఖానా అలవాటునే పోతుంది. పదార్థం కూడా చూడాలి. బలపపు రాయి మెత్తన, చెక్కడం తేలిక. పైపూత వేసి కాల్చాక గట్టిపడుతుంది. పింగాణీలాంటి ఫాయన్స్‌తో చేసినవి అచ్చుల్లో నొక్కి తీసినవి కావచ్చు. గ్రీకులు స్థిరపడిన ఈజిప్టు పట్టణం నౌక్రటిస్‌లో పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీకి అలాంటి మట్టి అచ్చులు వందల్లో దొరికాయి.

అయితే పేరు దండగేనా? కాదు, ఆ వస్తువు ఆ రాజుకు ముందుది కాదని అదే చెబుతుంది. అంతకు మించి దానిచేత చెప్పించకు. సమాధిలో దొరికినా సరే, చేసిన కాలం వేరు, పాతిపెట్టిన కాలం వేరు; తాయెత్తులు తరాలు మారతాయి. ఈ రెండింటినీ నీ నోట్సులో కలిపేశావు, ముందు అది విడదీసి రాయి. ఆ తర్వాత వీపు, పక్కలు, దారం దూర్చే బెజ్జం కనిపించే బొమ్మలు గీసి పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న