వ్యాపార రేఖాచిత్రములు: లెక్కల పుస్తకము నుండి తెర మీదికి

వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు గణాంకములతో పరిచయము మొదటి సంవత్సరముననే కలుగును. కమ్మీ రేఖాచిత్రము, వృత్త రేఖాచిత్రము, కాలశ్రేణి మొదలగువానిని పరీక్షాపత్రములో గీయుట అందరికిని అలవాటే. ఉద్యోగములో ప్రవేశించిన పిమ్మట ఆ గీయు పనిని కంప్యూటరే చేయుచున్నది. మనకు మిగులునది ఆ చిత్రములను యజమానుల యెదుటను, బ్యాంకు అధికారుల యెదుటను తెర మీద చూపుట. ఎక్సెల్ పట్టికలో సరిగా నున్న చిత్రము స్లైడు మీదికి వచ్చునప్పటికి వేరొక అర్థము నిచ్చుట మేము పలుమార్లు చూచినాము. ఆ మార్పు ఎక్కడ జరుగుచున్నదో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

వ్యాపారపు లెక్కలను చిత్రముగా చూపు పద్ధతికి ఆద్యుడు స్కాట్లండు దేశస్థుడైన విలియం ప్లేఫెయిర్. ఆయన 1786లో ఇంగ్లండు ఎగుమతి దిగుమతులను గూర్చి 44 పటములతో ఒక గ్రంథము ప్రకటించెను. అందులో 43 కాలమును అనుసరించి సాగు రేఖలు. మిగిలిన ఒక్కటి కమ్మీ చిత్రము. స్కాట్లండు వర్తకమునకు సంబంధించి ఆయనకు ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకినందున రేఖ గీయుటకు వీలులేక కమ్మీలను ఆశ్రయించెను. మన వాణిజ్యశాస్త్రములో నిత్యము వాడు చిత్రము ఒక లోటు వలన పుట్టినదనుట విశేషమే. వృత్త రేఖాచిత్రము 1801లో ఆయన మరియొక గ్రంథములో కనుపించెను. టర్కీ సామ్రాజ్యములో ఆసియా, ఐరోపా, ఆఫ్రికా భాగములు ఎంతెంతయో ఆ వృత్తము చూపెను.

ప్లేఫెయిర్ పాఠకుడు పుస్తకమును చేతబట్టి కావలసినంత సేపు చూడగలిగెడివాడు. స్లైడు చూచువానికి ఆ అవకాశము లేదు. పవర్‌పాయింట్ 1987లో మాకింటోష్ కంప్యూటరుల కొరకు వెలువడెను. రాబర్ట్ గాస్కిన్స్ సంకల్పించిన ఈ సాధనము మొదట ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద ఉంచు పారదర్శక పత్రములను తయారుచేయుటకు ఉద్దేశింపబడినది. అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ దానిని 1 కోటి 40 లక్షల డాలర్లకు కొనెను. తెర మీది చిత్రము నిలుచునది వక్త తరువాతి స్లైడుకు పోవునంతవరకే. కావున పుస్తకమునకు తగిన చిత్రమెల్ల స్లైడునకు తగదు.

ఇక అసలు విషయము. ఎక్సెల్‌లోని చిత్రమును కాపీ చేసి స్లైడు మీద అతికించునపుడు ముఖ్యముగా మూడు మార్గములు కలవు. చిత్రముతో పాటు లెక్కల పుస్తకమునంతటిని స్లైడులో ఇముడ్చుట మొదటిది. చిత్రమును మూలపుస్తకముతో లంకె వేసి ఉంచుట రెండవది. ఛాయాచిత్రము వలె బొమ్మను మాత్రమే అతికించుట మూడవది. తెర మీద మూడును ఒకే తీరున కనుపించును. చిక్కు అంతయు అక్కడనే గలదు.

హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజుల వ్యాపారి ఒకడు రుణము కొరకు బ్యాంకునకు పోవుచున్నాడని ఊహింతము. అతని గుమాస్తా నెలవారీ అమ్మకముల చిత్రమును ఇముడ్చు పద్ధతిలో అతికించి, ఆ స్లైడులను బ్యాంకునకు పంపెను. ఆ లెక్కల పుస్తకములో అమ్మకముల పత్రము ఒక్కటే కాక పనివారి జీతములు, ఏ సరుకు ఏ ధరకు తెచ్చినది, ఎవరికి ఎంత బాకీ అను పత్రములు కూడ గలవు. బ్యాంకు ఉద్యోగి చిత్రము మీద మౌస్ కుడి మీట నొక్కి దత్తాంశమును సవరించు ఆదేశము నిచ్చినంతనే పుస్తకమంతయు తెరుచుకొనును. ఆ స్లైడులే మరియొక వ్యాపారి చేతికి చేరినచో కొనుగోలు ధరల రహస్యము పోయినట్లే. ఇట్టి సందర్భములలో బొమ్మగా అతికించుట క్షేమము. లేదా, చిత్రమునకు కావలసిన అంకెలను మాత్రమే కొత్త పుస్తకములోనికి విలువలుగా మార్చి, అచ్చట చిత్రము గీచి తేవలెను. బొమ్మ అంచులను కత్తిరించి కొంత భాగమును దాచితిమనుకొనుట కూడ భ్రమయే. కత్తిరించిన భాగమును తొలగింపుమని ప్రత్యేకముగా ఆదేశింపనిచో అది ఫైలులోనే ఉండును.

లంకె పద్ధతికి వేరొక గుణము గలదు. మూలములో అంకె మారినచో స్లైడులోను మార్చుకొనవచ్చును. ప్రతి నెల ఒకే నివేదిక సమర్పించు కార్యాలయములకు ఇది ఎంతయో ఉపకరించును. కాని మూలపుస్తకమును వేరొక చోటికి మార్చినను, పేరు మార్చినను లంకె తెగును. తెగినను చిత్రము మాయము కాదు. చివరిసారి కనుపించిన అంకెలతోనే నిబ్బరముగా నిలిచియుండును! చూచువానికి అది పాతదని తెలియు సాధనమే లేదు. అందువలన ప్రతి చిత్రము క్రింద ఆ లెక్క ఏ తేదీ నాటిదో వ్రాయుట మేము విధిగా భావింతుము.

పవర్ బీఐ వంటి సాధనములతో తయారగు పలకలను స్లైడులుగా మార్చునపుడు ఈ తేదీ మరింత ముఖ్యము. పలక మీద ప్రాంతమును, సంవత్సరమును ఎంచుకొనిన కొలది అంకెలు మారును. బొమ్మగా మార్చిన క్షణమున ఏ ఎంపిక ఉన్నదో అదియే స్థిరపడిపోవును. తెలంగాణ మాత్రమే ఎంచుకొని తీసిన బొమ్మ దేశమంతటి అమ్మకముగా చెలామణి కావచ్చును. స్లైడులోనే సజీవమైన పలకను ఉంచు సదుపాయము నేడు గలదు. దానికి ఇంటర్నెట్టును, చూచువానికి ఆ దత్తాంశము చూచు అనుమతియు ఉండవలెను. సభ నడుచుచుండగా ఈ రెండింటిలో ఏది లోపించినను వక్త ఖాళీ చట్రము ముందు నిలువవలసి వచ్చును. అట్టి ప్రయాణమునకు ఒక బొమ్మను తోడు తీసికొనిపోవుట మంచిది.

పరిమాణము మార్చునపుడు జరుగు మార్పులు సూక్ష్మమైనవి. స్లైడులో ఇరుకు చోట నిలువుగా సాగదీసిన రేఖ నిటారుగా లేచును. అడ్డముగా సాగదీసినచో అదే రేఖ చదునగును. అంకెలు మారలేదు, అభిప్రాయము మారినది. అక్షము సంగతి ఇంకను గంభీరము. అమ్మకము 48 లక్షల నుండి 51 లక్షలకు పెరిగినదనుకొందము. అది నూటికి 6.25 వంతుల పెరుగుదల. నిలువు అక్షము 47 వద్ద మొదలైనచో మొదటి కమ్మీ ఎత్తు 1, రెండవ దాని ఎత్తు 4. కంటికి నాలుగు రెట్లుగా తోచును. అంకెల మధ్య భేదము స్వల్పముగా నున్నపుడు ఎక్సెల్ తనంతట తానే సున్నను విడిచిపెట్టును గనుక ఇందులో మోసపు బుద్ధి అవసరము లేదు, అజాగ్రత్త చాలును. కమ్మీ చిత్రమునకు సున్న తప్పనిసరి. రేఖాచిత్రమునకు అంత నిర్బంధము లేదు.

స్లైడు శీర్షిక చిత్రము కంటె బలమైనది. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా వ్యోమనౌకను ఎగిరిన కొద్ది సేపటికే ఒక నురుగుముక్క తాకెను. నౌక ఆకాశములో నుండగానే ఇంజనీర్లు తమ పరిశీలనను స్లైడుల రూపమున అధికారులకు వివరించిరి. ఒక స్లైడు శీర్షిక పరీక్షల ఫలితములు భద్రతకు అనుకూలముగా నున్నట్లు తోపించెను. తగిలిన ముక్క పరీక్షలలో వాడిన దానికంటె ఘనపరిమాణములో 640 రెట్లు పెద్దది కావచ్చునను సంగతి ఆ స్లైడు అడుగున చిన్న అక్షరములలో నుండెను. ఫిబ్రవరి 1న తిరిగి వచ్చుచు నౌక విచ్ఛిన్నమై, కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించిరి. దుర్ఘటనకు అనేక కారణములు గలవు. అయినను విచారణ సంఘము తన నివేదికలో ఈ స్లైడును ప్రత్యేకముగా పేర్కొని, ఉన్నతాధికారి ఒకరు దానిని చదివి ప్రాణాపాయము ఉన్నదని గ్రహింపలేకపోవుట సహజమే యని అభిప్రాయపడెను. వ్యాపారములో ప్రాణములు పోకపోవచ్చును. పనివారి జీవనోపాధి మాత్రము ఇట్టి స్లైడుల మీదనే నిర్ణయమగుచున్నది.

మన వంటి ద్విభాషా కళాశాలల విద్యార్థులకు ఒక విశేష సమస్య గలదు. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగును. తెలుగు స్లైడులో ఎడమ నుండి కుడికి పైకి లేచు రేఖను ఉర్దూ స్లైడులో యథాతథముగా ఉంచినచో, కుడి నుండి చూపు సారించు పాఠకునికి వర్తకము పడిపోవుచున్నట్లు తోచవచ్చును. అడ్డు అక్షమును తిరుగవేయు సదుపాయము ఎక్సెల్‌లో గలదు. అపుడు నిలువు అక్షము కుడివైపునకు చేరును. అయితే ఉర్దూ వాక్యములో సైతము అంకెలు ఎడమ నుండి కుడికే చదువబడును గనుక రెండు అలవాట్లును పాఠకునిలో ఉండును. ఏ దిక్కు ఎంచుకొనినను రేఖ రెండు కొనల వద్ద సంవత్సరమును, అంకెను స్పష్టముగా వ్రాయుట మా సలహా. లక్షలు, కోట్లు అను ప్రమాణములను కూడ అక్షము ప్రక్కన మనమే వ్రాసికొనవలెను. నస్తాలీఖు లిపికిని, తెలుగు ఒత్తులకును ఇంగ్లీషు కంటె ఎక్కువ నిలువు జాగా కావలెను. చిత్రము అంచున వ్రాసిన పేర్లలో ఒత్తులు తెగిపోయి ‘అమ్మకము’ ‘అమకము’గా తెర కెక్కుట కలదు. వేరొక కంప్యూటరులో మన ఫాంటు లేనిచో అక్షరములు మారిపోవును. కనుక సభకు ముందు ఆ గదిలోని కంప్యూటరు మీదనే, కిటికీలు తెరచియుండగా, చివరి వరుసలో కూర్చుండి ఒక్కసారి అన్ని స్లైడులను చూచుకొనవలెను.