వరిగడ్డిని యూరియాతో మాగబెట్టండి

ప్రశ్న: మాకు రెండు పాడి గేదెలున్నాయి. ఎండాకాలంలో పచ్చిమేత దొరకదు, ఉన్నది వరిగడ్డే. దాన్ని బలమైన మేతగా మార్చుకునే దారి ఉందా?

జవాబు: ఉంది. ఎండు వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతమే. యూరియాతో మాగబెడితే అవి దాదాపు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది.

వంద కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించండి. టార్పాలిన్‌పై గడ్డిని పొరలుగా పరుస్తూ, ప్రతి పొర మీదా ఈ నీళ్లు సమంగా చల్లి, గాలి లేకుండా గట్టిగా తొక్కండి. పైన పట్టా కప్పి మూడు వారాలు కదపకండి. లోపల పుట్టే అమ్మోనియానే గడ్డిని మార్చేది. అది బయటికి పోకూడదు.

రోజూ కావలసినంతే తీసి, ఘాటు పోయేదాకా గంటసేపు ఆరబెట్టి వేయండి. మొదట రోజుకు కిలోతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. ఖనిజ లవణ మిశ్రమం, తవుడు, చెక్క మానకండి.

ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వద్దు. యూరియా నీళ్లు పశువు తాగితే ప్రాణాపాయం. కలిపిన బకెట్‌ను వెంటనే కడిగి, యూరియా బస్తాను కొట్టానికి దూరంగా పెట్టండి.