లాకుల గుమ్మం దాటే ఉప్పు

గోదావరి, కృష్ణా డెల్టాలలో పుట్టి పెరిగినవారికి లాకులంటే ఏమిటో వివరించనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, దాని కాలువలు పొలాలకు నీరు పారించడమే గాక పడవలకు బాటలు కూడా అయిన రోజులలోనే ఆ ఆంగ్లపదం తెలుగు బహువచనాన్ని తగిలించుకొని ఊళ్ళలో స్థిరపడిపోయింది. రైళ్ళూ లారీలూ వచ్చి పడవ ప్రయాణాలు అంతరించినా, "లాకుల దగ్గర దిగుతాను" అనే మాట మాత్రం మిగిలింది.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు రెడ్‌మండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అటువంటి లాకులు అరగంట కారు ప్రయాణపు దూరంలో ఉన్నాయి. సియాటిల్ నగరంలోని బాలార్డ్ పేటలో, వాషింగ్టన్ సరస్సును సముద్రంతో కలిపే ఎనిమిది మైళ్ళ ఓడల కాలువ చివర, హైరం చిట్టెండెన్ అనే సైనిక ఇంజనీరు పేరిట రెండు లాకులు 1917 నుండి పనిచేస్తున్నాయి. ఊరి నుండి చుట్టాలు రాగానే చూపించే స్థలాలలో ఇదొకటి. ఎండ కాసే శనివారం నాడు గట్టుమీద కటకటాలు పట్టుకొని నిలబడితే, కళ్ళముందే ఒక చేపల పడవ మెల్లగా పైకి లేస్తుంది. పిల్లలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటే: "దాన్ని ఏ మోటారు పైకెత్తుతోంది?"

ఏ మోటారూ కాదు. పడవను ఎత్తేది నీరు, ఆ నీటిని కదిలించేది భూమ్యాకర్షణ. లాకు అంటే రెండు చివరలా తలుపులున్న ఒక పొడవాటి గది. సముద్రం వైపు నుండి పడవ లోపలికి వచ్చాక దిగువ తలుపులు మూస్తారు. గోడలలోని తూములు తెరిస్తే సరస్సు నీరు తనంత తానే లోనికి దిగుతుంది. గదిలో మట్టం సరస్సు మట్టంతో సమానమైనప్పుడు ఎగువ తలుపులు తెరుచుకుంటాయి. దించడానికి ఇదే వరుసను తలక్రిందులు చేస్తారు. తలుపుల రెక్కలు ఎగువకు మొన పెట్టిన కోణంలో కలుస్తాయి కనుక ఎగువ నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. పదిహేనవ శతాబ్దపు ఇటలీలో రూపుదిద్దుకొన్న ఈ ఉపాయాన్ని లియొనార్డో డావించీ పేరుతో ముడిపెడతారు. అయిదు వందల ఏళ్ళు గడిచినా దానిని మార్చవలసిన అవసరం కలగలేదు.

బాలార్డ్‌లో సరస్సు ఎప్పుడూ సముద్రం కంటె ఎత్తుగానే ఉంటుంది. ఎంత ఎత్తు అన్నది ఆటుపోట్లను బట్టి మారుతుంది. నిండు పోటు వేళ ఆరు అడుగులు, బాగా తీసిన పాటు వేళ ఇరవై ఆరు. పెద్ద లాకు పొడవు 825 అడుగులు, వెడల్పు 80. మట్టాల తేడా పదిహేను అడుగులనుకొని గుణిస్తే, ఒక్కసారి నింపడానికి సుమారు 2 కోట్ల 80 లక్షల లీటర్ల మంచినీరు కావాలి. ఆ నీరంతా తరువాత సముద్రం పాలవుతుంది. ఇందులో ఒక చమత్కారం ఉంది. పడవ నీటితో పాటే పైకి లేస్తుంది కాబట్టి, గదిలోకి వచ్చింది మహానౌక అయినా ఒంటిమనిషి తెడ్డుపడవ అయినా నింపవలసిన నీరు ఒకటే. అందుకే పక్కనే 150 అడుగుల చిన్న లాకు కట్టారు.

గట్టుమీది జనం చూసేది ఇంతవరకే. అసలు కథ నీటి అడుగున, ఎవరికీ కనిపించకుండా జరుగుతుంది.

ఈ ప్రాంతపు సముద్రజలంలో లీటరుకు ఇరవై తొమ్మిది గ్రాముల చొప్పున లవణాలుంటాయి. అందువల్ల లీటరు సముద్రజలం లీటరు సరస్సు నీటికంటె ఇరవై రెండు గ్రాములు ఎక్కువ తూగుతుంది. నూటికి రెండు వంతుల తేడా! చూడబోతే అత్యల్పం. కాని దిగువ నుండి వచ్చిన ఉప్పునీటితో, పైనుండి దిగిన మంచినీటితో నిండిన గదికి ఎగువ తలుపులు తెరిచిన క్షణాన ఆ అల్పమే అధికమవుతుంది. బరువైన ఉప్పునీరు అడుగు పట్టుకొని నాలుకలా సరస్సు వైపు చాచుకొంటుంది. తేలికైన మంచినీరు పైపైన గదిలోకి వస్తుంది. పైమట్టం సమానంగానే ఉంటుంది, అల కూడా లేవదు. లెక్క కడితే ఆ నాలుక వేగం సెకనుకు అర మీటరుకు పైచిలుకు. అంటే ఆరేడు నిమిషాలలో గది ఆ చివర నుండి ఈ చివరకు. ప్రవాహశాస్త్ర గ్రంథాలలో ఈ రకపు ప్రవాహానికి లాకు వినిమయమనే పేరే స్థిరపడింది. గదిలో ముప్ఫై అడుగుల లోతున సముద్రజలం ఉన్నదనుకొంటే, అందులోని ఉప్పు వెయ్యిన్నర టన్నులు దాటుతుంది. అదంతా ఒక్కసారే సరస్సులోకి పోదు గాని, తలుపులు తెరిచిన ప్రతిసారీ అందులో ఒక వాటా గుమ్మం దాటుతుంది. ఏటా ఈ లాకుల గుండా సాగే పడవలు నలభై వేల వరకు ఉంటాయి.

నమ్మకం కలగనివారు వంటింట్లోనే ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. పొడవైన గాజుతొట్టి ఒకటి తీసుకొని, మధ్యలో నిలువుగా పలుచని ప్లాస్టిక్ పలకను బిగించి పట్టుకోవాలి. ఒక పక్కన లీటరుకు ముప్ఫై గ్రాముల ఉప్పు కలిపి, రెండు చుక్కలు మిఠాయి రంగు వేసిన నీరు పోయాలి. రెండవ పక్కన అంతే ఎత్తుకు కొళాయి నీరు. ఇక పలకను ఒక్కసారిగా పైకి లాగితే, రంగునీరు అడుగున పాములా జరజరా పాకుతూ పోవడం పిల్లలు కన్నార్పకుండా చూస్తారు. చివరకు నీరు రెండు పొరలుగా స్థిరపడుతుంది. ఆ పొరలు గంటల తరబడి కలవకపోవడమే అసలు గమనించవలసినది.

కలవని పొరల వల్ల నష్టమేమిటి? మార్గమధ్యంలో యూనియన్ సరస్సు ఉంది. ఉప్పునీరు దాని అడుగున చేరి కూర్చుంటే, పైన గాలిలో ప్రాణవాయువు ఎంత ఉన్నా ఆ పొరకు అందదు. అడుగున కుళ్ళే పదార్థాలు ఉన్న కాస్త ప్రాణవాయువునూ హరించివేస్తాయి. వేసవిలో ఈ పరిస్థితి ముదురుతుంది. అందుచేత యూనివర్సిటీ వంతెన వద్ద ఏ లోతులోనైనా లవణీయత వెయ్యింట ఒక పాలు దాటకూడదని రాష్ట్ర ప్రభుత్వం ఒక గీత గీసింది. ఆ గీతకు అవతల వాషింగ్టన్ సరస్సు, దాని తరువాత సమామిష్ నది, దాని చివర రెడ్‌మండ్.

గీతను కాపాడడానికి ఇంజనీర్లు చేసిన ఏర్పాట్లు రెండు. మొదటిది, లాకుల ఎగువన సరస్సు అడుగులో తవ్విన గుంట. బరువైన ఉప్పునీరు తనంత తాను ఆ పల్లంలోకి జారుతుంది. అక్కడి నుండి ఒక గొట్టం దానిని తిరిగి సముద్రంలోకి వదులుతుంది. రెండవది 1966లో పెద్ద లాకులో అమర్చిన అడ్డుగోడ. అది నేలకు కీళ్ళతో బిగించిన బోలు గోడ. గాలితో నిండి ఉన్నంతసేపు నిటారుగా నిలిచి అడుగునీటిని ఆపుతుంది. లోతైన నౌక వచ్చినప్పుడు దానిలోకి నీరు వదిలితే నేలమీద పడుకొని దారి ఇస్తుంది. ఆర్కిమిడీజు సూత్రానికి ఇంతకంటె నాజూకైన ప్రయోజనం వెదికినా దొరకదు.

ఇక చేపల సంగతి. సాల్మన్ చేప ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, చావబోయే ముందు పుట్టిన ఏటికే తిరిగివచ్చి గుడ్లు పెడుతుంది. దాని రక్తంలో ఉండే లవణాలు సముద్రజలంలో ఉన్నవాటిలో సుమారు మూడవ వంతు. మాగాయకు ఉప్పు కలిపిన మామిడి ముక్కలు ఊట వదలడం ఎరుగని తెలుగిల్లు లేదు. సముద్రంలో చేప శరీరానికి పట్టే గతి అదే, ఒంట్లోని నీరు బయటకు పోతూ ఉంటుంది. అందుకు విరుగుడుగా అది సముద్రజలం త్రాగి, అదనపు ఉప్పును మొప్పల గుండా బయటకు తోడిపోస్తుంది. మంచినీటిలో ఉన్నప్పుడు అంతా తలక్రిందు. నీరు లోనికి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. అప్పుడు మొప్పలు నీటిలోని కొద్దిపాటి లవణాన్నే ఏరి లోనికి లాగాలి. ఈ తోడకానికి ఆధారమైన సోడియం, పొటాషియం అయానుల పంపును 1957లో కనుగొన్న డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌకు 1997లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో పాలు లభించింది.

ఒక పద్ధతి నుండి మరొక పద్ధతికి మారడం చేపకు ఒక్క పూటలో అయ్యే పని కాదు. నదీముఖంలో అయితే ఉప్పూ తీపీ మైళ్ళ దూరం కలగలిసి ఉంటాయి, అలవాటు పడడానికి వ్యవధి చిక్కుతుంది. బాలార్డ్‌లో ఆ మైళ్ళన్నీ ఒక గోడ మందానికి కుదించుకుపోయాయి. దీనికి తోడు వేసవిలో ఎగువ కాలువ పైనీరు 20 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడెక్కుతుంది. చన్నీటి జీవులైన సాల్మన్లు ముందుకు పోవడానికి జంకి, లాకుల దగ్గరి చల్లని లోతులలో రోజుల తరబడి తచ్చాడుతాయి. సరస్సును కలుషితం చేస్తుందని గుంటలోంచి తరిమే ఆ ఉప్పునీరే ఆ కొద్దిచోట వాటికి ఆశ్రయమిస్తున్నది. ఉప్పును పూర్తిగా ఊడ్చివేయడం మేలా, కొంత మిగల్చడం మేలా అన్న ప్రశ్నకు అందుకే తేలికైన సమాధానం లేదు.

చేపల కోసం కట్టిన నీటిమెట్లను 1976లో తిరగ నిర్మించి ఇరవై ఒకటి చేశారు. గాజు కిటికీ గుండా చూసేవారికి చేపలు ఒక్కొక్క మెట్టే ఎగబాకడం కనిపిస్తుంది. సముద్రానికి దిగే చేపపిల్లల బాధ మరొకటి. గదిని నింపే తూముల గోడలకు పెంకుప్రాణులు గరుకుగా పట్టి ఉండడంతో, ఉరవడిలో చిక్కిన పిల్లలకు పొలుసులు గీరుకుపోయేవి. ఆ తరువాత గోడలు గీకి శుభ్రపరచడం, తూములను నెమ్మదిగా తెరవడం, మత్తడి మీదుగా జారుడుబల్లల వంటి దోనెలు అమర్చడం జరిగాయి. ఇంత చేసినా చినూక్ జాతి సాల్మన్‌ను 1999లో ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చవలసివచ్చింది. సరస్సులో సాకై సాల్మన్ వేటకు 2006 తరువాత ఏళ్ళ తరబడి అనుమతి లేదు. లాకులే దోషులని చెప్పడం న్యాయం కాదు, వేడి, వేట, పట్టణాలు అన్నీ అందులో ఉన్నాయి. అయితే లాకులు నిర్దోషులనీ చెప్పలేము.

అసలు ఈ సరస్సుకు సముద్రపు దారి ఇది కానే కాదు. 1916కు ముందు వాషింగ్టన్ సరస్సు దక్షిణాన బ్లాక్ నది గుండా పారేది. 1916 జులైలో లాకుల తలుపులు మూశారు. ఆగస్టు 25న మాంట్‌లేక్ కోత దగ్గరి కట్టను తెగగొట్టారు. కొద్ది నెలలలో సరస్సు తొమ్మిది అడుగుల దాకా దిగి యూనియన్ సరస్సు మట్టానికి చేరింది. బ్లాక్ నది ఎండిపోయింది. దాని ఒడ్డున తరతరాలుగా బ్రదికిన డువామిష్ తెగవారికి ఆ యేటి చేపలు లేకుండా పోయాయి. 1917 జులై 4న బాజాభజంత్రీలతో కాలువను ప్రారంభించినవారికి ఇది పెద్ద విషయంగా తోచినట్టు లేదు. సరస్సు దిగడంతో సమామిష్ నది నీరు వేగంగా తీసి, రెడ్‌మండ్ దిగువనున్న చిత్తడి నేలలు ఆరాయి. 1960లలో వరదల భయంతో ఆ నదిని తవ్వి నిటారు కాలువ చేశారు. నేడు సాయంత్రాలు తెలుగువారు నడకకు పోయే ఒడ్డు ఆ కాలువదే.

సరస్సు మట్టాన్ని ఇప్పుడు రెండు అడుగుల పరిధిలోనే ఆడనిస్తారు. రెడ్‌మండ్ నుండి సియాటిల్‌కు దారితీసే తేలుడు వంతెనకు లంగరు తాళ్ళున్నాయి కనుక అంతకు మించి దించడం కుదరదు. సరస్సు విస్తీర్ణం సుమారు 88 చదరపు కిలోమీటర్లు. ఆ రెండు అడుగుల నీరు పెద్ద లాకును పందొమ్మిది వందల సార్లు నింపడానికి సరిపోతుంది. వినడానికి చాలా ఎక్కువే. కాని ఎండాకాలంలో వానలుండవు, చేపల మెట్లకూ ఉప్పును తరిమే గొట్టానికీ కావలసిన నీరు కూడా ఆ నిల్వలోనిదే.

విహారనౌకలో పనామా కాలువ దాటివచ్చినవారు ఇదే లెక్కను బ్రహ్మాండమైన కొలతలో చూసి ఉంటారు. 1914లో తెరిచిన ఆ కాలువలో నౌక సముద్రం నుండి 26 మీటర్ల ఎత్తున ఉన్న గటూన్ సరస్సుకు మెట్లుమెట్లుగా ఎక్కి, అవతల దిగుతుంది. పాత లాకులలో ఒక నౌక దాటడానికి సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీరు ఖర్చు. 2016లో తెరిచిన కొత్త లాకులకు పక్కన తొట్లు కట్టి, నూటికి అరవై వంతుల నీటిని తిరిగి వాడుతున్నారు. మెచ్చుకోదగిన పొదుపే. కాని తిరిగి వాడిన నీటిలో ఉప్పు ఉంటుంది. అప్పటి నుండి గటూన్ లవణీయత పెరిగింది, ఆ సరస్సే పనామా నగరాలకు త్రాగునీటి ఆధారం. 2023 కరవులో నీరు చాలక, రోజుకు ముప్ఫై ఆరు నౌకలు సాగే దారిని సుమారు ఇరవై నాలుగుకు కుదించారు. నీరు మిగిల్చితే ఉప్పు చేరుతుంది, ఉప్పు కడిగితే నీరు పోతుంది.

ఆంధ్రదేశంలో కృష్ణ మంచినీటితో నడిచే కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర ఉప్పునీటి బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. పడవ సరంగులకు ఈ రసాయనశాస్త్రమంతా తెలియకపోవచ్చు గాని, త్రాగే నీటి కుండను ఎక్కడ నింపుకోవాలో, ఎక్కడి నుండి నింపుకోకూడదో బాగా తెలుసు.

సెప్టెంబరు నెలలో రెడ్‌మండ్‌లో, సమామిష్ నదిలో బేర్ క్రీక్ కలిసేచోట, నిదానంగా చూస్తే లోతులేని నీటిలో ఎదురీదుతున్న సాల్మన్లు కనిపిస్తాయి. బాలార్డ్ గుమ్మం దాటి, కాలువలోని వేడినీరూ వాషింగ్టన్ సరస్సూ ఈది వచ్చినవి అవి. మంచినీటిలో అడుగుపెట్టాక ఆహారం ముట్టవు. ఒంట్లో దాచుకొన్న కొవ్వు మీదనే గుడ్లు పెట్టేదాకా బ్రదకాలి. లాకుల దగ్గర వేచిన ప్రతి రోజూ ఆ నిల్వలోనే ఖర్చు.