ప్లాటు అమ్మినా ఫరవాలేదు, పీఎఫ్ ముట్టుకోవద్దు

చిరంజీవి అల్లునికి, కంది నుంచి మామ ఆశీర్వదించి రాయునది.

పీఎఫ్ మొత్తం తీసి అప్పులు కడతావనీ, ప్లాటు మాత్రం కదిలించవనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేయవలసింది సరిగ్గా దానికి తిరగేసి. ఎందుకో తెలియాలంటే పాశమైలారం, పటాన్‌చెరు, బొల్లారం షెడ్లలో నలభైకి దగ్గరపడ్డ మనుషుల లెక్కలు చూస్తే చాలు.

అలాంటి మనిషి ఈపాటికి నాలుగైదు కంపెనీలు మారి ఉంటాడు, కొన్నిచోట్ల కాంట్రాక్టరు కింద. మారిన ప్రతిసారీ చేతిలో నాలుగు డబ్బులు పడతాయని పీఎఫ్ తీసేస్తాడు. నెట్ సెంటర్‌లో ఫారం 19తో పాటు 10సీ కూడా నింపి పంపుతారు. మొదటిది పీఎఫ్ సొమ్ముకు, రెండోది పెన్షన్ వాటాకు. ఆ రెండో ఫారంతో అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది. 58 ఏళ్లకు పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఒకచోట ఏడేళ్లు, మరోచోట ఐదేళ్లు చేసినవాడు పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేసుకుని ఉంటే పన్నెండేళ్లు ఉన్నట్టే. డబ్బు తీసుకుని ఉంటే ఐదేళ్లే. 15,000 జీతాన్ని పన్నెండుతో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,571 రూపాయల పెన్షన్. పెద్ద మొత్తమేమీ కాదు, నిజమే. కానీ అతని తర్వాత భార్యకు కూడా ఆ పథకం నుంచి పెన్షన్ ఉంటుంది. షెడ్డులో పనిచేసే మనిషికి అలాంటి ఆదాయం ఇంకెక్కడి నుంచి వస్తుంది?

బదిలీ ఆగిపోయేది చిన్న చిన్న చోట్ల. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే పాత కంపెనీ రికార్డులో వెనక ఉంటుంది. పుట్టినతేదీలో ఒక అంకె మారి ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా, మానేసిన తేదీని పాత కంపెనీ ఎక్కించకుండా వదిలేస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ లెక్కలో మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నట్టు. పటాన్‌చెరులోనే పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం ఉంది. ఇవన్నీ ఓపిగ్గా తిరిగితే సరిపోయే పనులు.

ఇక అప్పు సంగతి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి మూడు రూపాయలే, ఏడాదికి ముప్పై ఆరు శాతం. మూడు లక్షలు తెచ్చినవాడు నెలకు తొమ్మిది వేలు, ఏడాదికి లక్షా ఎనిమిది వేలు కడతాడు. అసలు అంగుళం కదలదు. పీఎఫ్‌కు 2024-25లో ఇచ్చిన వడ్డీ 8.25 శాతం కదా, అది తీసి 36 శాతం అప్పు కడితే లాభమే అని ఎవరైనా అంటారు. లెక్క తప్పు కాదు. కానీ అమ్మడానికి ఇంకేమీ లేనివాడికి చెప్పాల్సిన లెక్క అది. మీ బీరువాలో గొలుసు ఉంది, బ్యాంకులో బంగారం మీద అప్పు ఆ 36 శాతంలో మూడో వంతు వడ్డీకే దొరుకుతుంది. తాకట్టు పెడితే పరువు పోతుందని మూడు రూపాయల వడ్డీ కట్టే ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో! గొలుసుతో తీరనిది ప్లాటుతో తీరాలి. ఎద్దుమైలారంలో 2008లో మొదలైన ఐఐటీ 2015లో కందికి వచ్చాక హైవే పక్క భూమి మీద అందరికీ ఆశ పెరిగింది. అయినా భూమి ఏటా ముప్పై ఆరు శాతం పెరుగుతుందని నమ్ముకుని వడ్డీ కట్టడం బతుకును పణంగా పెట్టడమే.

ఒక అప్పుకు ఇంకో అప్పు తేవడం ఎక్కడికి పోతుందో ఈ జిల్లాకు బాగా తెలుసు. విక్రమ్ ఆకుల ఎస్‌కేఎస్ సంస్థ 1998లో చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టింది నారాయణఖేడ్ ప్రాంతంలోనే. 2010 ఆగస్టులో ఆ సంస్థ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. రెండు నెలలు తిరక్కుండానే, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలన్నిటి మీదా ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పటికి ఒక్కో ఇంట్లో మూడు నాలుగు సంస్థల వాయిదాలు. పదేళ్లకు అదే గొలుసుకట్టు ఫోన్‌లోకి దిగింది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాక పోలీసులు అరెస్టులు మొదలుపెట్టారు. ఫోన్‌లో అలాంటి యాప్ ఉంటే ముందు దాని బాకీ తీర్చాలి, తర్వాత తీసిపారేయాలి.

2025 జూన్ 30న పాశమైలారం మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా పోయారు. పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. అందుకే ఈ ముక్క రాయక తప్పదు. పీఎఫ్ ఉన్న కార్మికుడు సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి ఏడు లక్షల దాకా బీమా వస్తుంది, దానికి అతను పైసా కట్టనక్కర్లేదు. పెళ్లికాకముందు తల్లి పేరు రాసినవాడు పెళ్లయ్యాక నామినేషన్ మళ్లీ ఇవ్వాలి. చాలామంది ఇవ్వరు. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు పోయే జీవన్ జ్యోతి బీమాలో రెండు లక్షలు, 20 రూపాయల సురక్షా బీమాలో ప్రమాదానికి రెండు లక్షలు.

తొందరపడాల్సింది ఒక్కదానికే. అటల్ పెన్షన్ యోజనలో నలభై ఏళ్ల వరకే చేర్చుకుంటారు, ఆదాయపన్ను కట్టేవాళ్లకు అది లేదు. పద్దెనిమిదేళ్లకు చేరినవాడు ఐదు వేల పెన్షన్ కోసం నెలకు 210 కడితే, ముప్పై తొమ్మిదేళ్లకు చేరేవాడు 1,318 కట్టాలి. అంత కుదరకపోతే చిన్న పెన్షన్‌కైనా చేరవచ్చు.

వచ్చే ఆదివారం బండెక్కి రా. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాత కంపెనీల పే స్లిప్పులు ఎన్ని దొరికితే అన్ని, ప్లాటు కాగితాలు తీసుకుని అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని రా. ఏ అప్పు ఎంతో ఆమె ముందే రాసుకుందాం. మరునాడు పటాన్‌చెరు పీఎఫ్ ఆఫీసుకు నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామ